రాయలవారి వంట తెలుసు... నానమ్మ వంట తెలియదు!

రాజుల చరిత్ర అంటే యుద్ధాలూ పట్టాభిషేకాలేనా? వాళ్లు పొద్దున లేచి ఏం చేసేవారు? ఏం తినేవారు? వాళ్ల ఊళ్లో పూటకూలి భోజనం ఎంత? ఇలాంటి ప్రశ్నల వెంట ముప్ఫై ఏళ్లకు పైగా తిరుగుతున్న ఓ బర్కత్‌పుర వాసి అనుభవం ఇది. ఆ తిరుగుడులో దొరికినవి చాలా ఉన్నాయి. చేజారింది మాత్రం ఒక్కటే.

ఇంకా తెల్లవారలేదు. ఊరంతా నిద్రలో ఉంది. ఓ పెద్దమనిషి మాత్రం అప్పటికే లేచాడు. లేస్తూనే నువ్వులనూనె తెప్పించుకుని గటగటా తాగేశాడు. ఏ చెంచాడో రెండు చెంచాలో కాదు, మన లెక్కలో నాలుగు వందల మిల్లీలీటర్ల పైమాటే! మరికొంత నూనె ఒళ్లంతా పట్టించుకున్నాడు. గోచీ బిగించాడు. మట్టితో చేసిన పెద్దపెద్ద బరువులు ఎత్తాడు. కత్తి పట్టి సాము చేశాడు... పట్టించిన నూనె అంతా చెమటై కారిపోయేదాకా. ఆ తర్వాత ఓ మల్లుడితో కుస్తీ. అది కాగానే గుర్రమెక్కి మైదానంలో అటూ ఇటూ పరుగులు. ఇవన్నీ అయ్యేసరికి అప్పుడు తెల్లవారింది. ఇక స్నానం, ఆపైన దైవదర్శనం.

ఆయన ఎవరో కాదు, శ్రీకృష్ణదేవరాయలు!

1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన డొమింగో పేస్ అనే పోర్చుగీసు యాత్రికుడు ఈ వివరాలన్నీ రాసిపెట్టాడు. రాయలవారు మధ్యస్థమైన ఎత్తు అనీ, మంచి రంగు అనీ, సన్నం కన్నా కాస్త లావు వైపే మొగ్గు అనీ, ముఖాన మశూచి మచ్చలు ఉన్నాయనీ కూడా చెప్పాడు. రాబర్ట్ స్యూయెల్ అనే ఇంగ్లిషు అధికారి ఈ రాతల అనువాదాన్ని 1900లో తన విజయనగర చరిత్ర గ్రంథంలో అచ్చువేశాడు. అది మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అప్పటిదాకా రాయలంటే నా కళ్లముందు ‘తెనాలి రామకృష్ణ’ సినిమాలో ఎన్టీఆరే. ఆ రోజునుంచి నూనె కారుతున్న ఒంటితో, ముఖాన మచ్చలతో, ఆయాసపడుతూ గుర్రం దిగుతున్న మనిషి కనిపించసాగాడు. అంతవరకూ ఆయన నాకు రాజు. అప్పుడే మనిషి అయ్యాడు.

ఆదివారం వస్తే ఆబిడ్సే!

మా ఇల్లు బర్కత్‌పుర చమన్ దగ్గర. పిల్లప్పుడు సోషల్ క్లాసులో తళ్లికోట యుద్ధం 1565 అని రాస్తే ఒక మార్కు, కాకతీయ సామ్రాజ్యం పతనం 1323 అని రాస్తే ఇంకో మార్కు. ఓసారి లేచి నిలబడి ‘రాజుగారు పొద్దున్నే ఏం తినేవారు సార్?’ అని అడిగాను. క్లాసంతా గొల్లుమంది. ‘అది పరీక్షలో రాదు, కూర్చో’ అన్నారు మాస్టారు. కూర్చున్నానుగానీ ప్రశ్న మాత్రం కూర్చోలేదు.

ఉద్యోగం వచ్చాక ఆదివారాలన్నీ ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కే రాసిచ్చేశాను. షాపుల షట్టర్లు మూసి ఉంటే వాటి ముందు పరిచిన పాత పుస్తకాల గుట్టలు... ఇంజినీరింగ్ గైడ్ల కింద, వారపత్రికల మధ్య, అట్ట ఊడిన ఏ ప్రబంధమో, చెదలు తినగా మిగిలిన ఏ శాసనాల సంపుటమో దొరక్కపోదు. సెలవు దొరికితే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. అక్కడ చుట్టూ పోటీపరీక్షలకు చదివే పిల్లలు కాకతీయుల వంశవృక్షం బట్టీ పడుతుంటే, నేను కాకతీయుల కాలం నాటి కూరల జాబితా రాసుకునేవాణ్ని. ‘ఈ ఇంట్లో మనుషులకంటే రాజులకే చోటెక్కువ’ అని మా ఆవిడ దెప్పుతూనే ఉంటుంది. అబద్ధమేం కాదు. మంచం కింద కూడా రాజులే!

మిరపకాయ లేని రాజ్యం

భోజనం సంగతే తీసుకోండి. గణపతిదేవుడు, రుద్రమదేవి... వీళ్లెవరూ మిరపకాయను కంటితో చూడలేదు. టమాటా తెలియదు, ఆలుగడ్డ తెలియదు, పల్లీ కూడా తెలియదు. ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. 1492లో కొలంబస్ అటు వెళ్లాకే మిగతా ప్రపంచానికి తెలిశాయి. తర్వాత పోర్చుగీసువాళ్ల ఓడల్లో మిరప మన తీరం చేరింది. మరి అంతకుముందు కారం? మిరియాలే! ఎర్రటి ఆవకాయ లేని తెలుగు భోజనాన్ని ఊహించుకోగలరా? మన రాజులు తరతరాలుగా అలాగే తిన్నారు.

ఇడ్లీ మాటేమిటంటారా? కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో ‘మానసోల్లాసం’ అని సంస్కృతంలో ఓ పెద్ద గ్రంథం రాయించాడు. రాజు స్నానం, తాంబూలం, వేట, ఆటలు, వంట... ఏదీ వదలకుండా వంద అధ్యాయాలు. అందులో ‘ఇడ్డరిక’ ఉంది, ‘దోసక’ ఉంది, ‘వటక’ ఉంది. ఇడ్డరికలో బియ్యం రవ్వ ఉండదు, అంతా మినప్పిండే. దానికి మిరియప్పొడి, జీలకర్ర, ఇంగువ జోడింపు. మన ఇడ్లీ ముత్తవ్వ అన్నమాట!

అయితే అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది రాయలవారి ‘ఆముక్తమాల్యద’. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు దారినపోయే భక్తులకు అన్నం పెడుతుంటాడు. ఏ కాలంలో ఏం పెట్టాడో రాయలు వరసగా చెబుతాడు. ఎండాకాలమైతే గోరువెచ్చని తెల్లటి అన్నం, తియ్యని చారు, పల్చని అంబలి, చెరకు రసం, కొబ్బరినీళ్లు, పండ్లు, ఊరిన మామిడి పిందెలు, మజ్జిగ. చలికాలమైతే కొత్తబియ్యపు అన్నం, మిరియప్పొడి చల్లిన వేడివేడి కూరలు, ముక్కు అదిరే ఆవ పచ్చళ్లు, పాయసం, వేళ్లు కాలేంత వేడి నెయ్యి. ముసురు పట్టిన రోజుల్లో పొట్టు తీసిన పప్పు, నాలుగైదు వేపుళ్లు, వడియాలు, వరుగులు, పెరుగు. తాజా కూరలు దొరకని వానల్లో వడియాలూ వరుగులూ అక్కరకొస్తాయని చక్రవర్తికి తెలుసు చూడండి!

ఆ వానాకాలం పద్యంలోనే మరో చిన్న మాట ఉంది. కట్టెలు తడిసిపోయాయి. పొయ్యి రాజుకోదు, పొగ కమ్ముకుంటుంది. అందుకని ఆ ఇంట్లో ఇల్లాలి కళ్లలోకి పొగ పోకుండా కొబ్బరి డొప్పలు పెట్టి మంట చేస్తారు. యుద్ధాలు గెలిచి, దిగ్విజయాలు చేసి వచ్చిన మహారాజు, పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషి కళ్లు మండకూడదని ఆలోచించాడు. నాకు ఆయన గెలిచిన కోటల పేర్లన్నీ గుర్తుండవు. ఈ ఒక్క మాట మాత్రం ఎప్పటికీ మరిచిపోను.

ఓరుగల్లులో రూకకు భోజనం

రాజుగారి సంగతి సరే, ఆయన ఊళ్లో మామూలు మనుషుల మాటేమిటి? దానికి ‘క్రీడాభిరామం’ చూడాలి. వినుకొండ వల్లభరాయుడి రచనగా అచ్చయింది. కాదు, శ్రీనాథుడిదే అని వాదించిన పండితులూ ఉన్నారు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు. ఒకరోజంతా ఓరుగల్లు వీధులు పట్టుకు తిరగడమే కథ. కోడిపందేలు చూస్తారు, పొట్టేళ్ల పోట్లాటలు చూస్తారు. ఓ చోట పల్నాటి వీరుల కథ పాడుతున్న స్త్రీని చూసి ఆగిపోతారు. మధ్యాహ్నం ఆకలేస్తుంది. మరి హోటలు? ఉంది! పూటకూళ్ల ఇల్లు. లక్ష్మణవజ్ఝల గారింట్లో సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, చక్కెర, అప్పుడే కాచిన నెయ్యి, పప్పు, అరటిపళ్లు, నాలుగైదు కూరలు, పెరుగు... అన్నీ కలిపి ఒక్క రూక. ఫుల్ మీల్స్ బోర్డు ఒక్కటే తక్కువ!

అంతఃపురం మాటకొస్తే అక్కడ ఆడవాళ్లు అద్దం ముందు కూర్చుని అలంకరించుకోవడం తప్ప ఇంకేం చేసేవారు అనుకుంటాం. రాయల తర్వాత, 1535 ప్రాంతంలో విజయనగరం గురించి రాసిన మరో పోర్చుగీసు, ఫెర్నావో న్యూనిజ్ చెప్పింది వినండి. రాజు కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్లున్నారు. జ్యోతిషం చెప్పేవాళ్లున్నారు. కోట తలుపుల లోపల అయ్యే ఖర్చుల పద్దులన్నీ రాసేది స్త్రీలే. రాజ్య వ్యవహారాలు రాసి, బయటి రాయసగాళ్ల పుస్తకాలతో సరిచూసేదీ స్త్రీలే. అంటే విజయనగరంలో ఆడిటర్లు ఆడవాళ్లన్నమాట!

మా ఇంటికి కూతవేటులో...

అంత దూరం ఎందుకు? మా బర్కత్‌పుర నుంచి నారాయణగూడ దాటితే కింగ్‌కోఠి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నివాసం అదే. 1937లో టైమ్ పత్రిక ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేసి ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని రాసింది. అదే మనిషి మాసిన షేర్వాణీ, పాత టోపీతో కాలం గడిపేవాడని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ కథలు కథలుగా చెబుతారు. తండ్రి మహబూబ్ అలీఖాన్ తీరు పూర్తిగా వేరు. పురానీ హవేలీలో ఉన్న నిజాం మ్యూజియంకి వెళ్తే ఆయన బట్టల బీరువా చూడొచ్చు. బీరువా అంటే బీరువా కాదు... రెండంతస్తుల్లో, హాలు పొడవునా సాగే చెక్క అల్మారాల వరస. పైఅంతస్తుకు వెళ్లడానికి చేత్తో నడిపే లిఫ్టు! తొడిగిన బట్ట మళ్లీ తొడిగేవాడు కాదంటారు. ఒకే ఇంట్లో తండ్రీకొడుకులు ఇలా. మన ఇళ్లలో మాత్రం తక్కువా? తాత దుబారా చేస్తే తండ్రి పిసినారి కావడం మనం చూడందా?

ఆయన మార్చిన చూపు

ఈ పిచ్చి నా ఒక్కడిదే కాదని, అసలు ఇదే చరిత్ర అని నాకు ధైర్యం చెప్పింది ఓ పుస్తకం. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. రాసింది సురవరం ప్రతాపరెడ్డి. 1896లో నేటి జోగులాంబ గద్వాల జిల్లా బోరవెల్లిలో పుట్టిన ఆయన, లా చదివి హైదరాబాద్ వచ్చి, ఆబిడ్స్ దగ్గరి రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూశారు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. రాజుల యుద్ధాల కంటే మన తాతముత్తాతలు ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్నదే మనకు దగ్గరి సంగతి అని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే తూర్పు చాళుక్యుల కాలం నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదలు దాకా తెలుగువాళ్ల బతుకును వెతికారు.

ఎక్కడ వెతికారు? పాల్కురికి సోమన పండితారాధ్య చరిత్రలో, క్రీడాభిరామంలో, శుకసప్తతిలో, హంసవింశతిలో, శతకాల్లో, సామెతల్లో. పండితులు అలంకారాలు ఏరుకున్న చోట ఆయన ఆటలూ బట్టలూ పిండివంటలూ ఏరుకున్నారు. అయితే ఓ చిక్కొచ్చింది. కావ్యంలో ఆట పేరు ఉంటుంది. ఏమిటా ఆట అని నిఘంటువు తీస్తే ‘ఒక ఆట’ అని ఉంటుంది! పిండివంట పేరు ఉంటుంది. అర్థం ‘ఒక పిండివంట’! ఆడినవాళ్లు పోయారు, వండినవాళ్లు పోయారు, వాళ్లను అడిగి రాసుకున్నవాళ్లు లేరు. మాట మిగిలింది, మనిషి మిగల్లేదు.

1949లో వచ్చిన ఆ పుస్తకానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది. తెలుగులో ఆ పురస్కారం అందుకున్న తొలి గ్రంథం అదే. చూడటానికి ఆయన లేరు. 1953లోనే కన్నుమూశారు.

తూకానికి వెళ్లిన చరిత్ర

ఇక నా సంగతి. ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను.

2004లో మా పాత ఇంటిని అపార్ట్‌మెంటు కోసం ఇచ్చేశాం. పెంకుల కప్పు, మధ్యలో తులసికోట, వెనక బావి ఉన్న ఇల్లు. ఖాళీ చేసేటప్పుడు అటక మీది సామానంతా ఓ మూల పోయించింది నేనే. ‘పనికొచ్చేవేం లేవు, ఇచ్చేయండి’ అన్నదీ నేనే. అలా అనేసి, ఆదివారం కదా అని ఆబిడ్స్ వెళ్లాను. ఆ రోజు నాకు విజయనగరం మీద మంచి పుస్తకం ఒకటి దొరికింది కూడా. సంబరంగా ఇంటికొస్తే అమ్మ అడిగింది, ‘నానమ్మ పద్దుల పుస్తకం తీసి దాచావా?’ అని.

ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఎర్ర గుడ్డ అట్ట, పొడుగాటి పుస్తకం. నా చిన్నప్పుడు నానమ్మ దాన్ని బియ్యం డబ్బా పక్కనే పెట్టుకునేది. ఇంటి ఖర్చులన్నీ రాసేది. మొదటి పేజీలో ఫసలీ 1350 అని ఉండేది. అంటే మన లెక్కలో 1940-41. నిజాం జమానా. హాలీ సిక్కా రూపాయల్లో లెక్కలు. బియ్యం ఎంత, చింతపండు ఎంత, పండక్కి ఎవరికి ఏ బట్ట, కాన్పుకొచ్చిన మంత్రసానికి ఎంత... అన్నీ అందులో ఉండేవి. విజయనగరం అంతఃపురంలో పద్దులు రాసిన స్త్రీల గురించి మురిసిపోయి పదిమందికి చెప్పినవాణ్ని, మా ఇంట్లో పద్దులు రాసిన స్త్రీ చేతిరాతను పాతపేపర్ల తూకంలో వేసేశాను. ఐదారు రోజులు ఆ బండివాడి కోసం నారాయణగూడ, కాచిగూడ అంతా తిరిగాను. అది దొరకలేదు.

ఐదువందల ఏళ్ల కింద రాయలవారు పొద్దున్నే ఏం తాగారో నాకు తెలుసు. ఎనభై ఏళ్ల కింద మా నానమ్మ ఈ బర్కత్‌పురలో పొద్దున్నే ఏం వండిందో నాకు తెలియదు. రాజు గురించి రాయడానికి పోర్చుగల్ నుంచి మనిషి వచ్చాడు. నానమ్మ గురించి రాయడానికి పక్కగదిలోంచి నేను వెళ్లలేదు.

‘పొగ మాటేంటి అమ్మా?’

ఆ దెబ్బతో నా అలవాటు మారింది. ఇప్పటికీ ఆబిడ్స్ వెళ్తాను. కానీ ముందు ఓ గంట అమ్మ దగ్గర కూర్చుంటాను. అమ్మకు ఎనభై దాటాయి. నేను నోట్‌బుక్ తీస్తే నవ్వుతుంది. ‘ఏం ప్రశ్నల్రా ఇవి? నేనేమైనా రుద్రమదేవినా?’ అంటుంది. అంటూనే చెబుతుంది. సోల, తవ్వ, మానిక కొలతలు చేత్తో చూపిస్తుంది. వామనగుంటల్లో గింజలు ఎలా పంచాలో నేర్పిస్తుంది. అచ్చనగాయల్లో తాను చుట్టుపక్కల ఇళ్లన్నిటిలో మొదటిదాన్నంటుంది. నిఘంటువులో ‘ఒక ఆట’ అని ఉన్నదానికి నా నోట్‌బుక్‌లో ఇప్పుడు రెండు పేజీలుంది.

మొన్న వానాకాలం, బయట ముసురు. రాయలవారి పద్యం గుర్తొచ్చి అడిగాను. ‘వానల్లో కట్టెలు తడిస్తే నానమ్మ పొయ్యి ఎలా రాజేసేదమ్మా?’

‘ఎండల్లోనే పిడకలు అటకెక్కించేది. అయినా చెమ్మ పట్టేవి. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ...’

‘మరి పొగ?’

అమ్మ కాసేపు మాట్లాడలేదు. ‘పొగేంటి... వానాకాలమంతా ఆమె కళ్లు ఎర్రగానే ఉండేవి. ఎవరూ అడగలేదు. నువ్వే అడిగావు’ అంది.

అది కూడా రాసుకున్నాను.

ఈ ఆదివారం అడిగి చూడండి

ఇంట్లో పెద్దవాళ్లుంటే పిల్లల చేత ఈ ప్రశ్నలు అడిగించండి. జవాబులు నోట్‌బుక్‌లో రాయించండి. పేరు, ఊరు, తారీఖు వేయడం మరిచిపోవద్దు.

• మీ చిన్నప్పుడు పొద్దున్నే ఏం తినేవారు? వరి అన్నం రోజూ ఉండేదా, పండగలకేనా?
• బియ్యం, పప్పు, పాలు ఏ కొలతల్లో కొనేవారు? ఆ సోల, మానిక ఇంకా ఇంట్లో ఉన్నాయా?
• కొత్త బట్టలు ఏడాదికి ఎన్నిసార్లు? ఎవరు కుట్టేవారు?
• ఏ ఆటలు ఆడేవారు? ఒకటి ఆడి చూపిస్తారా?
• పెళ్లిలో ఏమేం వండారు? ఎన్ని రోజుల పెళ్లి?
• ఇంట్లో పాత పద్దుల పుస్తకాలు, ఉత్తరాలు, పెళ్లి శుభలేఖలు ఉన్నాయా? ఉంటే తూకానికి వేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి.